నిజ్వాలో ఖర్జూరాల రుచి

మస్కట్‌కు రెండు గంటల దూరంలోని నిజ్వాలో, ఆ ఖర్జూరాల దుకాణంలో ఎవరైనా కూర్చుని రుచి చూడవచ్చు. కొని తీరాలన్న నియమం లేదు. ఖాళీ కప్పును ఊపి చాలని తెలిపేవరకు కహ్వా అనే అరబ్బీ కాఫీ పోస్తూనే ఉంటారు. పోస్తున్న రాజన్న జగిత్యాల మనిషి.

"ఇది ఖలాస్ సార్, బెల్లంపాకం లెక్కుంటది. ఇది ఫర్ద్, జర వగరు."

రుజువు లేనిదే నేను దేనినీ నమ్మను. కళ్లు మూసుకొని తిని, ఏది ఏదో చెప్పమన్నాను. అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"దండం పెడ్త సార్, పరీక్ష పెట్టకుండ్రి. జరమొచ్చి పోయినంక నాలికకు ఏం తెలుస్తలేదు. రంగు చూసి చెప్తున్న. అర్బాబ్‌కు ఎరికైతే ఇంటికే తోలుతడు."

అంతలో ఆ అర్బాబే, దుకాణం యజమాని, కొత్త పెట్టె తెచ్చి, నాకు మర్యాదగా ఒక పండు అందించి, రాజన్నకొకటి ఇచ్చాడు. సరుకు మంచిదో కాదో తేల్చవలసినది రాజన్నే. నా పండు పులిసిపోయింది. అతను నములుతూ నా ముఖం చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"ఖట్టా హై, అర్బాబ్," పులుపని చెప్పేశాడు రాజన్న.

యజమాని అతని భుజం తట్టి, పెట్టెను వెనక్కి పంపాడు.

"రేపు గూడ వస్తరా సార్? రేపు ఇంకో లోడ్ ఉన్నది," అంటూ రాజన్న కహ్వా పాత్ర వంచబోయాడు.

మస్కట్‌కు నా బస్సు ఆ సాయంత్రమే. నేను కప్పు ఊపాను. అతను దాన్ని అందుకున్నాడు.