టేపక్క కొలిచిన ఇల్లు

పదకొండేళ్ళ పాటు టేపక్క పట్టపగలు బల్బు వేసుకుని బట్టలు కుట్టింది. ఆ ఊళ్ళో ఎండకేం కరువు లేదు. కరువైంది కిటికీ.

ఒకప్పుడు మిషను పక్కనే నిలువెత్తు కిటికీ ఉండేది. ఒకరోజు పొద్దున్నే తలుపులు తెరిచి చూస్తే ఎదురుగా ఇటుకలు. పక్కింట్లో ఉండే బావగారు మేడమెట్లకి చోటు చాలలేదన్నారట. ఆమె మొగుడు, స్కూలు బస్సు డ్రైవరు, పక్కసందులో మూడడుగులు అన్నగారికి రాసిచ్చి వచ్చాడట.

"నాకో మాట చెప్పొచ్చుగా?" అంది.

"నా ఒక్కడి సంతకం చాలన్నారే. నిన్నెందుకు శ్రమ పెట్టడమనీ..."

ఎంత జాలిగుండో చూడండి! ముందుగది లేచింది ఆమె కుట్టిన బడిపిల్లల యూనిఫారాల మీద. వంటగది లేచింది పరదాల మీద, వెనకగది పెళ్ళిబట్టల మీద. డ్రైవరు జీతం తిండికీ ఫీజులకీ సరిపోయేది. ఇల్లంతా ఆమె కుట్టుపనే, కాగితంలో మాత్రం ఆయనగారి పేరే. టేపక్కేమో పొద్దస్తమానం పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని పనిచేసే మనిషి, మాట బయటికి రావాలన్నా దారేదీ? కిటికీ రెక్కలు మూసేసి, దానికి దారపు కండెలు వేలాడదీసింది.

మెడలో కొలత టేపు నిద్రపోయేటప్పుడు తప్ప తీయదు కాబట్టి వీధి వీధంతా ఆమెని టేపక్క అనే పిలిచేది. మనిషిని చూడగానే నడుం కొలత చెప్పేయగలదు. "ఈ మధ్య రెండంగుళాలు పెరిగావు, వదినా" అని మొహం మీదే అనేస్తే, పక్కవీధి వదినగారు నెల్లాళ్ళు అటువైపు రాలేదు.

ఈ ఏడు వేసవి ముగిసేసరికి బావగారి చూపు ముందుగది మీద పడింది. వాళ్ళబ్బాయి ఫోన్లు బాగుచేసే కొట్టు పెడతాడట, వీధివైపు గది కావాలట. "ఆలోచించి చెప్తాలే అన్నయ్యా" అన్నాడు డ్రైవరు. ఆయన ఆలోచన అంటే ఏమిటో టేపక్కకి బాగా తెలుసు. పదకొండేళ్ళ కిందట మూడడుగుల గురించి కూడా అలాగే ఆలోచించాడు.

సరిగ్గా ఆ వారంలోనే మున్సిపాలిటీ ఆటో మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చింది. ఇంటి పత్రంలో భర్త పేరు పక్కన భార్య పేరు కూడా రాస్తారట. ఖర్చు ఉండదట. ఒకసారి రాశాక ఇద్దరి సంతకాలూ లేనిదే అంగుళం కూడా చేయి మారదట. నెల్లాళ్ళు శిబిరం. వేళలు పదకొండు నుంచి ఒంటిగంట దాకా.

మంచి పనికి కూడా ముహూర్తం ఎవరు పెడతారో గానీ, ఆడవాళ్ళకి చేయి ఖాళీ లేని గంటలే ఏరి పెడతారు. టేపక్క ఇంకో పదిమందిని వెంటేసుకుని వార్డు ఆఫీసుకి వెళ్ళి, "సాయంత్రం తెరవకపోతే మా వంటలు ఇక్కడికే తెచ్చుకుని వండుకుంటాం" అంది. రెండోరోజునుంచి శిబిరం సాయంత్రానికి మారింది.

ఆఫీసుని దారికి తెచ్చుకోవడం తేలికే. ఇంట్లోనే అసలు తంటా. అక్కడ మూడు వారాలు పట్టింది.

"మన మధ్య నీదీ నాదీ ఏమిటే?" అన్నాడు డ్రైవరు, నొచ్చుకున్నట్టు.

"అదే నేనూ అనేది. తేడా లేనప్పుడు నా పేరుంటే ఏం పోయింది?"

"నామీద నమ్మకం లేదా?"

"మీమీద బోలెడుంది. మీ 'ఆలోచించి చెప్తా' మీద లేదు."

ఆయన చెప్పులు వేసుకుని శిబిరానికి నడిచాడు. సంతకం పెట్టేసి వచ్చాక ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. చెడ్డమనిషి కాదు పాపం. అన్నయ్య ముందు మాత్రం గొంతు గేరు మార్చుకోదు, అంతే.

దరఖాస్తులో ఇంటి కొలతలు ఎవరివి వాళ్ళే రాయాలి. కొలతలంటే టేపక్కకి ఒకరు చెప్పాలా? మెడలో టేపు తీసి, గోడల వెంబడి సుద్దగీతలు పెట్టుకుంటూ పూటంతా కొలిచింది. ముత్యాల్లాంటి అంకెలు వేసి ఇచ్చి వచ్చింది.

దరఖాస్తు ఇచ్చిన నాలుగోరోజు వార్డు గుమస్తా, ఆ పిల్ల టేపక్క దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది, నవ్వాపుకోలేక వచ్చింది.

"అక్కా, నువ్వు రాసిన పొడవు ప్రకారం మీ వెనకగోడ మురిక్కాలవ మధ్యలో ఉంది."

"నా కొలత తప్పదే!"

"ఎలా కొలిచావు?"

టేపక్క వివరంగా చెప్పింది. ఆమె టేపు అయిదడుగులే. అందుకని గోడని అయిదేసి అడుగుల ముక్కలు చేసి కొలిచింది. ముక్కకీ ముక్కకీ అటు అంగుళమున్నర, ఇటు అంగుళమున్నర కలుపుకుంటూ...

"అదెందుకు?"

"ఎందుకేమిటే, కుట్టుకి వదలొద్దూ?"

గుమస్తా గడపమీదే కూలబడి కళ్ళు తుడుచుకుంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి! ఆమె చేతికి దొరికితే ఆకాశానికైనా అంచుకి గుడ్డ వదిలి గానీ కత్తెర పెట్టదు.

ఈ సంగతి పొయ్యిమీద పాలు పొంగినట్టు వీధంతా పొంగింది. బావగారి చెవిన పడనే పడింది. ఆయన వెంటనే ఆఫీసుకెళ్ళి అభ్యంతరం రాసిచ్చాడు. మరదలు దొంగలెక్కలు రాసి తన గోడలోకి జొరబడుతోందట, సర్వేయరు వచ్చి కొలిచేదాకా పేరు ఎక్కించకూడదట. శిబిరానికి ఇంకా రెండు రోజులే గడువు.

"చూశావా అమ్మాయ్, ఆస్తి వ్యవహారాలు ఆడవాళ్ళకి అచ్చిరావని ఇందుకే అంటారు" అన్నాడు గుమ్మంలో నిలబడి.

టేపక్క నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది. "కొలవనివ్వండి బావగారూ. కొలిస్తే అరిగిపోతుందా ఇల్లు?" అంది. పైకి అలా అంది గానీ ఆమెకి తెలుసు, పేరు ఎక్కకపోతే వచ్చేనెల ఈ గదిలో మిషను ఉండదు.

మర్నాడు సర్వేయరు పొడవాటి టేపుతో దిగాడు. వీధి వీధంతా గోడలెక్కింది. పొడవు ముప్ఫై అడుగులు, ఇంటి పత్రంతో సరిపోయింది. బావగారు మీసం సవరించుకున్నాడు. సర్వేయరు అడ్డం కొలిచాడు. ఆగాడు. మళ్ళీ కొలిచాడు.

"పత్రంలో వెడల్పు ఇరవై నాలుగు. మూడు రాసిచ్చారు. ఇరవై ఒకటి ఉండాలి కదమ్మా, ఇక్కడ ఇరవయ్యే ఉంది?"

అందరి కళ్ళూ మేడమెట్ల గోడ మీదికి పాకాయి.

"మేస్త్రీ... ఆ మేస్త్రీయే ఏదో..." అన్నాడు బావగారు.

"మీరూ కుట్టుకి వదిలారేమో బాబాయ్!" అని గోడమీదనుంచి ఎవరో అన్నారు. పక్కవీధి వదినగారు నవ్విన నవ్వుకి కాకులు లేచిపోయాయి.

సర్వేయరు అభ్యంతరం కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. గుమస్తా అక్కడికక్కడే, టేపక్క బట్టలు కత్తిరించే బల్లమీదే రిజిస్టరు పరిచి పేరు రాసింది. టేపక్క ఒంగి చూసింది. అందరూ పిలవడం మానేసిన పేరు, దుమ్ము దులిపి బయటపెట్టినట్టుంది. ముట్టుకోబోయి, సిరా ఆరలేదని చేయి వెనక్కి తీసుకుంది.

"ఆ అడుగు సంగతేం చేద్దామంటారమ్మా? ఫిర్యాదు రాస్తారా?" అన్నాడు సర్వేయరు.

బావగారు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు భార్య వైపు చూశాడు. చూసి, గొంతు సవరించుకుని, "ఇప్పుడు ఇద్దరి సంతకాలూ కావాలి కదన్నయ్యా. ఇద్దరం ఆలోచించి చెప్తాం" అన్నాడు. పెళ్ళయ్యాక ఆ మనిషి ఆమెకి అంత ముద్దొచ్చిన రోజు లేదు.

ముందుగది మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వారం తిరక్కుండా బావగారే మేస్త్రీని పిలిపించి మెట్లగోడకి, ఆమె కిటికీకి ఎదురుగా, నిలువెత్తు కంత కొట్టించాడు. టేపక్క దారపు కండెలు తీసి, కిటికీ రెక్కలు తెరిచి, పగలు బల్బు ఆర్పేసింది. ఆ అడుగు గురించి దంపతులు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

ఇక మీరు లేవండి. బీరువా తాళం తీసి మీ ఇంటి పత్రం చూడండి. అందులో ఎవరి పేరుంది? ఆ ఇంటికోసం నడుం వంచినామె పేరు లేకపోతే, ఈ వారంలోనే ఇద్దరూ కలిసి మీ వార్డు ఆఫీసు మెట్లెక్కండి. మీ దగ్గర అలాంటి శిబిరమే లేదంటే, ఎందుకు లేదని పదిమందిని కూడగట్టుకుని అడగండి. ఉన్నా వేళగాని వేళల్లో తెరుస్తుంటే, వంటపాత్రలు పట్టుకెళ్ళండి.

కొలతలు మాత్రం పొడవాటి టేపుతో తీయండి.