పస్తుల పందెం

మా పెదనాన్న దర్జీ. ముప్పై ఏళ్ళుగా ఒకటే కొట్టు. కింద రెండు కుట్టుమిషన్లు, గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, పరదా కట్టిన చిన్న ట్రయల్ రూము. పైన ఇల్లు. మనిషి గుమ్మం దాటి లోపలికొచ్చేలోపే నడుము ఎంతో చెప్పేసేవాడు. టేపు పెట్టి చూస్తే అరంగుళం కూడా తేడా ఉండేది కాదు. "టేపు మీ తృప్తికండీ, నాకు కళ్ళు చాలు" అనేవాడు. అది గొప్ప కోసం అన్న మాట కాదు, నిజమే.

మా నాన్న ఆయనకు తమ్ముడు, నాలుగేళ్ళు చిన్న. స్కూలు బస్సు నడిపేవాడు. మా ఇల్లు వెనక వీధిలోనే. అమ్మకు మిల్లులో సాయంత్రం షిఫ్టు కాబట్టి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పొద్దుగూకాక నేనూ నాన్నా భోజనం చేసేది పెదనాన్న ఇంట్లోనే. పెద్దమ్మ వడ్డిస్తుంటే అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని, ఒకరినొకరు దెప్పుకుంటూ గంటసేపు తినేవాళ్ళు. ఇద్దరూ లావే. బళ్ళో వాళ్ళని పెద్ద బస్తా, చిన్న బస్తా అని పిలిచేవారట. చదువులో, ఆటలో, పనితనంలో పెద్ద బస్తాదే పైచేయి. చిన్న బస్తా నవ్వి ఊరుకునేవాడు.

ఒక ఏడాది మొదట్లో పెదనాన్నకు మోకాలి నొప్పి వచ్చి ఆస్పత్రికి వెళ్ళాడు. తొంభై ఎనిమిది కిలోలు, బీపీ ఎక్కువ, షుగరు హద్దు అంచున ఉంది. పది కిలోలు తగ్గమని చెప్పి పంపారు. ఆ వారంలోనే ఒక పాత ఖాతాదారు నాలుగు ప్యాంట్లు తెచ్చి నడుము బిగించమన్నాడు. రోజులో పదహారు గంటలు ఏమీ తినకుండా, మిగతా ఎనిమిది గంటల్లోనే తిని తగ్గానన్నాడు. పెదనాన్నకు అది బాగా నచ్చింది. పరిగెత్తక్కర్లేదు, బరువులెత్తక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు.

"లంఖణం పరమౌషధం అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?" అన్నాడు ఆ సాయంత్రం.

"వాళ్ళు అన్నారుగానీ చేశారో లేదో ఎవరు చూశారు?" అంది పెద్దమ్మ.

"నేనూ చేస్తా అన్నయ్యా. చూద్దాం ఎవరు ముందు తగ్గుతారో" అన్నాడు నాన్న. అప్పుడు నాన్న తొంభై నాలుగు కిలోలు. పెదనాన్న సై అన్నాడు. డబ్బూ లేదు, కానుకా లేదు. ఓడినవాడు మాట పడాలి, అంతే.

ట్రయల్ రూములో బరువు తూచే మిషను పెట్టించారు. ప్రతి ఆదివారం పొద్దున ఇద్దరూ చెప్పులు విప్పి దాని మీద ఎక్కేవాళ్ళు. కొలతల పుస్తకం వెనక పేజీల్లో నేను రాసేదాన్ని.

పెదనాన్నకు ఆ పదహారు గంటలూ పడలేదు. పాలు పోసిన టీ లేకపోతే ఆయనకు తెల్లవారదు. పదకొండయ్యేసరికి కడుపులో ఎలుకలు పరిగెత్తేవి, సూదిలో దారం ఎక్కేది కాదు. ఒకరోజు ఒకే చొక్కాకు రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు. పన్నెండు కొట్టగానే మేడెక్కి, పోయిన పూటది కూడా కలిపి తినేసేవాడు. రెండు కిలోలు తగ్గాడు, నెల తిరిగేసరికి అవి తిరిగొచ్చాయి. అప్పుడు పద్ధతి మార్చాడు. వారంలో ఐదు రోజులు మామూలుగా తిని, రెండు రోజులు పిడికెడే తినడం. ఆ రెండు రోజులూ కొట్టుకు వచ్చినవాళ్ళతో దెబ్బలాటే. దాన్నీ వదిలేసి, రోజు మార్చి రోజు పస్తుండే పద్ధతి పట్టుకున్నాడు. పస్తున్న రోజు నిద్ర పట్టదు, తిన్న రోజు పని సాగదు. "బరువు తగ్గడం దేవుడెరుగు, బుద్ధి తగ్గుతోంది మీకు" అని పెద్దమ్మ విసుక్కునేది.

నాన్న మాత్రం మొదటి పద్ధతినే పట్టుకుని ఉన్నాడు. ఫిబ్రవరి చివరికి మూడు కిలోలు తగ్గాడు. తరవాత వరసగా తగ్గుతూనే పోయాడు. ఏప్రిల్‌లో నలభై అంగుళాల ప్యాంటు ముప్పై ఎనిమిది చేయించుకున్నాడు. జూన్‌లో ముప్పై ఆరు. మూడుసార్లు బిగించినవాడు పెదనాన్నే. మొదటిసారి కుట్లు విప్పుతూ వీపు మీద చరిచి "శభాష్‌రా చిన్న బస్తా" అన్నాడు. రెండోసారి ఏమీ అనలేదు. జూలైలో మూడోసారి, ముప్పై నాలుగుకి, "ఏం మందు మింగుతున్నావో చెప్పరా, నేనూ మింగుతా" అన్నాడు. పైకి అది నవ్వుతూ అన్న మాటే.

"ఏమో అన్నయ్యా, ఆకలే వెయ్యట్లేదు" అన్నాడు నాన్న.

నిజం చెప్పాలంటే నాకూ గర్వంగా ఉండేది. బస్సు ఎక్కే పిల్లల తల్లులు సైతం "మీ నాన్న పదేళ్ళు వెనక్కి వెళ్ళాడే" అనేవాళ్ళు. బస్సు పక్కన నిలబెట్టి ఫొటో తీసి స్నేహితురాళ్ళందరికీ పంపించాను. నాన్న నాలుగు ముద్దలకే చెయ్యి కడుక్కోవడం, పొట్ట పైభాగంలో అరచెయ్యి ఆనించి కూర్చోవడం, జేబులో ఎప్పుడూ గ్యాసు బిళ్ళలు ఉండడం, ఇవన్నీ నేను చూశాను. పెదనాన్నా చూశాడు.

జూలైలో పెదనాన్న అన్నిటికన్నా కఠినమైన పద్ధతికి దిగాడు. రోజుకు ఒక్క పూట, సాయంత్రం నాలుగింటికి. దాంతో మా అందరి భోజనం చెల్లాచెదురైంది. నాన్నా నేనూ మామూలు వేళకు వచ్చి తింటుంటే, ఆయన కింద కొట్లో మిషను గట్టిగా తొక్కుతూ ఉండిపోయేవాడు. ఆదివారం ఒక్కరోజు మాత్రం మేమూ నాలుగింటికే వెళ్ళేవాళ్ళం.

ఆ నెల చివరి ఆదివారం సంగతి. పొద్దున బరువు మిషను మీద పెదనాన్న తొంభై ఆరు, నాన్న డెబ్బై ఎనిమిది. నాలుగు ఎప్పుడవుతుందా అని పెదనాన్న మూడున్నర నుంచే మేడ మీద భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. పెద్దమ్మ వడ్డించింది. ఆయన తలెత్తకుండా తింటున్నాడు. నాన్న రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, పళ్ళెం పక్కకు జరిపాడు.

"వదినా, నాకు చాలు. ఇది తీసెయ్యి."

పెదనాన్న ముద్ద దించేశాడు. "ఆపరా నీ వేషాలు. ఆకలిని జయించిన మహానుభావుడివి నువ్వొక్కడివే అయినట్టు. ఇరవై మూడు గంటలు కడుపు మాడ్చుకుని కూర్చున్నవాడి ముందా నీ గొప్ప?"

"గొప్ప కాదన్నయ్యా..."

"తిననివాడివి నా బల్ల దగ్గర కూర్చోకు."

నాన్న లేచి, తన పళ్ళెం తనే కడిగి పెట్టి, మెట్లు దిగాడు. వెనకే నేనూ వచ్చేశాను.

ఏడు వారాలు అన్నదమ్ములకు మాటల్లేవు. మధ్యలో పెద్దమ్మ రెండుసార్లు వచ్చి పిలిచింది. "వస్తాలే వదినా" అన్నాడు నాన్న. వెళ్ళలేదు. తమ్ముడే ముందు రావాలని ఆయన పట్టు, అన్నయ్యే పిలవాలని ఈయన పట్టు. ఆ ఏడు వారాల్లో పెదనాన్న మూడు కిలోలు తగ్గి తొంభై మూడుకి వచ్చాడు. చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి లేడు.

సెప్టెంబరులో ఒకరోజు పొద్దున అమ్మ నాన్న యూనిఫాం ప్యాంటు తీసుకుని కొట్టుకు వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. అమ్మ ప్యాంటు బల్ల మీద పెట్టి "మూడంగుళాలు బిగించాలి బావగారూ" అంది.

పెదనాన్న బ్లేడు తీసుకుని నడుము కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతుంటే గుడ్డలో పాత కుట్ల సూది రంధ్రాలు వరసలు వరసలుగా కనిపించాయి, ఏప్రిల్‌ది, జూన్‌ది, జూలైది. వెనక జేబులు రెండూ దాదాపు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఇంకా బిగించడానికి చోటు లేదు. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"వాడేం తింటున్నాడు?" అని అడిగాడు.

"ఏం తినట్లేదు బావగారూ. తిన్నది నిలవట్లేదు. పొద్దున కక్కుకుని బస్సెక్కుతున్నాడు. మీతో చెప్పొద్దన్నాడు."

పదకొండు గంటలకు కొట్టు తలుపు వేయడం నేనెప్పుడూ చూడలేదు. మెడలో టేపు అలాగే ఉంది, వేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగు అలాగే ఉంది, మా ముందు గబగబా నడుస్తూ మా ఇంటికి వచ్చాడు. పొద్దుటి ట్రిప్పు ముగించుకుని నాన్న బూట్లతోనే మంచం మీద పడుకుని ఉన్నాడు. పెదనాన్న భుజం మీద చెయ్యి వేశాడు. వేసి వెంటనే తీసేశాడు.

"లేరా. ఆస్పత్రికి పోదాం."

"పందెం నేనే గెలిచా కదా అన్నయ్యా?" అన్నాడు నాన్న కళ్ళు తెరిచి.

"గెలిచావులే. లే."

ఆస్పత్రిలో చూసింది చిన్న వయసు డాక్టరమ్మ. పరీక్షలన్నీ అయ్యాక, బరువు ఎప్పటి నుంచి తగ్గుతున్నాడని అడిగింది. అమ్మ తడబడింది. పెదనాన్న చెప్పాడు. జనవరిలో నడుము నలభై, ఏప్రిల్‌లో ముప్పై ఎనిమిది, జూన్‌లో ముప్పై ఆరు, జూలైలో ముప్పై నాలుగు, ఇవాళ ముప్పై ఒకటి. బరువులు కూడా ఏ ఆదివారానికి ఎంతో వరసగా చెప్పాడు. ఆమె అన్నీ రాసుకుని తలెత్తింది.

"ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పరు. అప్పుడే ఎందుకు తీసుకురాలేదండీ?"

ఆమె కోపంగా అడగలేదు. ఊరికే అడిగింది.

కడుపులో క్యాన్సరు. ఆపరేషన్ చేసి జీర్ణాశయంలో చాలా భాగం తీసేశారు. ముందే వచ్చి ఉంటే బాగయ్యేదా అని పెదనాన్న నడవలో ఆమెను ఆపి అడిగాడు. "చెప్పలేం. కొంత మేలు జరిగేదేమో" అంది. "మేలు జరిగేది అనలేదు కదా, జరిగేదేమో అంది కదా" అని ఆ మాటను ఆయన నా దగ్గర ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడో లెక్కలేదు.

ఆ తరవాత నాన్న ఒకేసారి గుప్పెడుకు మించి తినకూడదు. అందుకని రెండు గంటలకోసారి తినాలి. పెదనాన్న తన పస్తులు ఆ రోజే మానేశాడు. పొద్దున ఏడు నుంచి రెండు గంటలకోసారి చేతిలో పని అక్కడే వదిలేసి, పెద్దమ్మ చేసిన సూపో, మెత్తగా చేసిన పండో, గుడ్డో గిన్నెలో పెట్టుకుని వెనక వీధికి వచ్చేవాడు. పక్కన కూర్చుని చెంచాడు చెంచాడు తినిపించేవాడు. నాన్న వద్దంటే చంటిపిల్లను బతిమాలినట్టు బతిమాలేవాడు. ఖాతాదారులు గొణుక్కున్నారు, కొందరు వేరే కొట్టు చూసుకున్నారు.

ఒక మధ్యాహ్నం, సగం గిన్నె అయ్యాక, ఆయన చెంచా కింద పెట్టాడు.

"నా కళ్ళు నా పొట్ట మీదే ఉన్నాయిరా. ఊళ్ళో అందరి కొలతా చూసేవాణ్ణి. నీది చూసి కుళ్ళుకున్నాను."

నాన్న గిన్నె పక్కకు జరిపాడు. "నాకు మార్చి నుంచే నొప్పి అన్నయ్యా. చెబితే నువ్వు పందెం ఆపించేవాడివి. పుట్టి బుద్ధెరిగాక ఒక్కదాన్లోనూ నీ మీద నెగ్గలేదు. ఆదివారం బరువు మిషను మీద ముల్లు నాకు వెనక్కి జరిగి, నీకు అక్కడే ఆగుతుంటే సరదాగా ఉండేది. ఆ సరదా కోసం నోరు మూసుకున్నా. నీ ఒక్కడిదే తప్పనుకోకు."

అన్నయ్య మనసు తేలిక పడుతుందని నాన్న ఆ మాట చెప్పాడు. పడలేదు. "వాడికి నెగ్గడం అంత ముఖ్యమయ్యేలా చేసింది కూడా నేనేగా" అన్నాడు పెదనాన్న నాతో, ఆ రోజు ఖాళీ గిన్నె కడుగుతూ.

నాన్న పధ్నాలుగు నెలలు బతికాడు. మధ్యలో నాలుగు నెలలు బాగానే ఉన్నాడు. మళ్ళీ బస్సు నడుపుతానని కూడా అన్నాడు. తరవాత జబ్బు తిరగబెట్టింది. చివరి రోజుల్లో చెంచాడు నీళ్ళు కూడా దిగేవి కావు. అయినా పెదనాన్న వేళ తప్పకుండా గిన్నెతో వచ్చి, పక్కన కూర్చుని, చల్లారాక తిరిగి తీసుకెళ్ళేవాడు.

అది జరిగి మూడేళ్ళయింది. పెదనాన్న ఇప్పుడు తొంభై ఐదు కిలోలు. షుగరు బిళ్ళ వేసుకుంటాడు. పొద్దున కాసేపు నడుస్తాడు, మూడు పూటలా కొద్దికొద్దిగా తింటాడు. ఉపవాసాల గురించి ఎవరైనా అడిగితే చెడ్డదని చెప్పడు. "కొందరికి పడుతుందండీ. ముందు డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టండి" అంటాడు. ఎవరైనా ప్యాంటు బిగించమని తెస్తే, ఎలా తగ్గారని వివరంగా అడుగుతాడు. కొందరికి అది నచ్చదు.

నేనూ అమ్మా ఇప్పటికీ వీలైనప్పుడల్లా అక్కడికే భోజనానికి వెళ్తాం. పోయిన వారం పెద్దమ్మా అమ్మా వంటింట్లో ఉండగా ఆయన నన్ను నెమ్మదిగా అడిగాడు.

"అమ్మాయ్, ఆ రోజు నేను కూర్చోకు అన్నాక వాడి వెనకాలే దిగావు కదా. వాడు ఏడ్చాడా?"

ఆ రోజు నాన్న మెట్ల మధ్యలో ఆగిపోయాడు. కమ్మీ పట్టుకుని ముందుకు వంగి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. కోపం దిగమింగుకుంటున్నాడనుకుని నేను పలకరించకుండా పక్క నుంచి దిగి, కింద వీధిలో నిలబడి ఎదురుచూశాను. అది కోపం కాదని నాకు తెలిసేసరికి సెప్టెంబరు అయింది.

"లేదు పెదనాన్నా. మామూలుగానే దిగాడు" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. ఆయన కళ్ళ సంగతి నాకు తెలుసు. రొట్టె తుంచి నా పళ్ళెంలో వేసి "తిను" అన్నాడు.