ముందు వైపు విప్పిన టక్కు

దోన్యా నికొలాసా బట్టను కళ్ళతో చూడదు. ముందు అంచు తిరగేసి వేళ్ళతో తడుముతుంది. తర్వాత నడుం పట్టీ దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తుంది. చివరికి, అదీ బుద్ధి పుడితే, రంగు చూస్తుంది. ఎల్ ఆల్తో సంతలో గురువారం, ఆదివారం ఆమె పక్కనే నా టోపీల బల్ల. ఇన్నేళ్ళుగా ఆ తడమడం చూస్తూనే ఉన్నా ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎదురుగా బేరం నిలబడి ఉంటే ఈవిడ పాత గుడ్డ వాసన చూస్తూ కూర్చుంటుంది.

ఆమె అమ్మేవి మన ఆడవాళ్ళు కట్టే పొల్యేరాలనే కుచ్చిళ్ళ పావడాలు, జాలరు వేలాడే శాలువాలు, శాలువాలకు గుచ్చుకునే పిన్నులు. అన్నీ పాతవే. పాతవంటే చిరిగినవని కాదు. బాజాల వెంట వీధుల్లో నాట్యమాడే గ్రాన్ పొదేర్ పండుగకు ప్రతి జట్టూ ఏటా కొత్త గుడ్డ ఎంచుకుంటుంది కదా. జట్టులో ఎందరుంటే అందరికీ ఒకే తానులోంచి తీసిన పొల్యేరా, ఒకే రంగు శాలువా, ఒకే రకం టోపీ. మరుసటి ఏడు పండుగలో అదే కట్టుకుని కనబడితే పరువు గంగలో కలిసినట్టే. అలా పెట్టెల్లో మిగిలిపోయినవన్నీ తిరిగి తిరిగి నికొలాసా బల్ల మీదికి చేరతాయి.

వాళ్ళమ్మ పొల్యేరాలు కుట్టేది. మిషన్ కింద పడ్డ ముక్కలతో ఆడుకుంటూ పెరిగింది నికొలాసా. పెద్దయ్యాక మోకాలు మొరాయించేదాకా ప్రతి పండుగలోనూ ఆడింది. అందుకే ఏ పొల్యేరా ఎప్పటిదో ఆమె ఇట్టే చెబుతుంది. పొడుగు తగ్గించడానికి అడ్డంగా మడిచి కుట్టే టక్కులు ఎంత వెడల్పు, కుచ్చిళ్ళు చేత్తో పెట్టారా ఇస్త్రీ మిషన్‌తో నొక్కారా, జాలరు ముళ్ళు ఏ వీధి ఆడవాళ్ళవి, అన్నీ ఆమె వేళ్ళకు తెలుసు.

చిక్కల్లా ఏమిటంటే ఆమెకు సంవత్సరాలు రావు. "ఇది బాకా ఊదేవాడు కాలవలో పడ్డ ఏడాదిది తల్లీ" అంటుంది. కొనేవాళ్ళు తెల్లమొహం వేస్తారు. అప్పుడు నేను కల్పించుకుని, ఆ ఏడు టోపీలు ఎలా ఉండేవో అడిగి, లెక్క కట్టి చెప్పాలి. టోపీ ఎత్తునుబట్టి, లోపలి తోలు పట్టీనిబట్టి నేను ఏడాది చెప్పగలను. ఆమె మనవడి పుట్టువెంట్రుకలకు మొదటి కత్తెర పెట్టింది నేనే కాబట్టి నన్ను కొంపాద్రే అంటుంది. మిగతావాళ్ళు, ఏ పెద్దావిడనైనా పిలిచినట్టే, ఆమెను దోన్యా అంటారు; నేను కొమాద్రే అంటాను. ఆ చుట్టరికం లేకపోతే నా బల్ల ఎప్పుడో ఎత్తేసి వేరే చోట పెట్టుకునేవాణ్ణి.

మొన్న కార్నివాల్ వెళ్ళాక ఒక గురువారం పొద్దున్న, ఇద్దరం వేడి వేడి మొక్కజొన్న జావ తాగుతున్నాం. ఒక అమ్మాయి మూటతో వచ్చి నిలబడింది. పేరు నెయిదా అని, స్కూలు యూనిఫారాలు కుట్టే చోట పని చేస్తానని చెప్పింది. మూట విప్పితే ఒక పొల్యేరా. పావురం మెడ రంగు గుడ్డ మీద గోధుమ కంకులు.

"ఈ ఏడు నేనూ ఆడుతున్నా దోన్యా. రిహార్సల్‌కి ఇది కడదామని. ముందు వైపు కిందికి జారిపోయి ఉంది, తొక్కుకుంటున్నా. వెనకతో సమం చేసిపెట్టండి."

నేను తొంగి చూశాను. వెనక మూడు టక్కులు తీర్చి ఉన్నాయి. ముందు రెండే. మూడోది విప్పేసి ఉంది.

"ఎవరో చేతగాని మనిషి చెడగొట్టింది దీన్ని," అన్నాను.

"నువ్వు జావ తాగు కొంపాద్రే," అంది నికొలాసా. అమ్మాయి వేళ్ళ వైపు చూసింది. "కుట్టుపని చేసే పిల్లవి, ఈ మాత్రం టక్కు వేసుకోలేవా? అసలు సంగతి చెప్పు తల్లీ."

నెయిదా తల దించుకుంది. అలాగే చెప్పింది. తను పాకే వయసులో తల్లి ఎమెతెరియా జ్వరమొచ్చి పోయింది. పెంచింది తాత. తాతకు పండుగలన్నా, తాగుడన్నా, బాజాలన్నా పడదు. ప్రార్థనా మందిరం తప్ప ఇంకో గడప తొక్కడు. కానీ ఎనిమిదో రోజున పోయినవాళ్ళ బట్టలు కాల్చే ఆచారం ఒక్కటీ ఆయన మానుకోలేకపోయాడు. కూతురి బట్టలన్నీ మూటగట్టి కాల్చేశాడు. ఆ మూట అడుగున ఫొటోల కవరు ఉందని ఆయనకు తెలియదు.

"ఇంట్లో ఒక్క ఫొటో లేదు దోన్యా. మా అమ్మ మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు. తాతని అడిగితే నీలాగే ఉండేది అంటాడు, లోపలికి వెళ్ళిపోతాడు. ఈ మధ్య అమ్మ స్నేహితురాలొకావిడ పోయింది. వాళ్ళ పిల్లలు పెట్టె సర్దుతుంటే ఇది దొరికిందట, మీ అమ్మదే అని తెచ్చిచ్చారు. తాతేమో, నా కూతురు జన్మలో ఆడలేదు, అది ఎవత్తెదో అంటున్నాడు. మీరు చూస్తే చెబుతారని సంతలో అందరూ అన్నారు."

నికొలాసా జావ గ్లాసు పక్కన పెట్టింది. అంచు తిరగేసింది, తడిమింది, వాసన చూసింది. 

"ఇటుకల లారీల వాళ్ళ జట్టు. మంచు పడ్డ పండుగ. ఒర్తెన్సియా పెద్దరికం ఆ ఏడు. ఈ తాను లీమా నుంచి తెప్పించింది, ఆమె గొప్పలు పోవడం నాకు ఇంకా చెవుల్లో ఉంది. జట్టు మొత్తాన్నీ చర్చి మెట్ల మీద నిలబెట్టి ఫొటో తీయించింది. అది వాళ్ళ ముందు గదిలో ఉంటుంది." అమ్మాయి మొహం వెలిగింది. నికొలాసా నా వైపు తిరిగింది. "ఏ ఏడు కొంపాద్రే అది?"

"టోపీలు?"

"తేనె రంగు. పొట్టివి."

తేనె రంగు పొట్టి టోపీలు నేను మర్చిపోవడమా? ఆ జట్టు మొత్తం టోపీలనూ చెక్క అచ్చు మీదికి ఎక్కించి తీర్చింది నేనే. నెలంతా ఇంటి మొహం చూడలేదని మా ఆవిడ అలిగి ఒరూరోలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. పెళ్ళాం ఇల్లు విడిచిన ఏడు ఏ మగాడూ మర్చిపోడు.

"తొంభై ఎనిమిది," అన్నాను ఠక్కున.

అమ్మాయి మొహం వాడిపోయింది. "నేను పుట్టింది ఆ ఏడే. ఆగస్టులో."

"పండుగ జూన్‌లో కదమ్మా. ఏడు నెలల కడుపుతో, ఇంత బరువు నడుముకు కట్టుకుని, ఆ చలిలో, కొండ వీధుల వెంట ఎవరు ఆడతారు? ఇది మీ అమ్మది కాదు."

నా నోరు అంతే. తోచింది తోచినట్టు వచ్చేస్తుంది. నెయిదా ఏడవలేదు. పొల్యేరా మడత పెట్టి బల్ల మీదే వదిలేసింది. "ఉంచుకోండి దోన్యా. ఎవరిదైతే వాళ్ళకు చేరనివ్వండి," అని జనంలోకి నడిచి వెళ్ళిపోయింది.

"సంతోషమా ఇప్పుడు?" అంది నికొలాసా.

"ఉన్నమాట చెప్పాను."

"నీకు సంవత్సరాలొక్కటే వచ్చు. గుడ్డ రాదు."

ఆమె ఆ విప్పిన టక్కును కంటికి దగ్గరగా పెట్టుకుంది. సూది బెజ్జాల వెంట గోరు జరుపుతూ పోయింది. నేను టోపీకి బ్రష్ కొడుతున్నట్టు నటిస్తూ ఓరగా చూస్తున్నాను.

"చేతగాని మనిషి అన్నావే, ఇటు చూడు," అంది. "నడిమధ్య పూర్తిగా విప్పింది. పక్కలకు వచ్చేసరికి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వెనకతో కలిపేసింది. ఎక్కడా ముడత పడలేదు. చేయి తిరిగిన మనిషి పని ఇది. కావాలనే ముందు వైపు పొడుగు చేసుకుంది. ఎందుకు?"

"నాకేం తెలుసు?"

ఆమె లేచి నిలబడింది. తన పొల్యేరా పైనే దాన్ని కట్టుకుంది. ముందు అంచు నేల మీద జీరాడింది. ఆమె కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా బల్ల మీంచి, అప్పుడే ఆవిరి పట్టి ఆరబెట్టిన కొత్త టోపీని లాక్కుంది.

"కొమాద్రే, అది డబ్బిచ్చిన వాళ్ళది," అంటూనే ఉన్నాను. ఆమె దాన్ని బోర్లించి, నడుం పట్టీ కింద, సరిగ్గా పొట్ట మీద దూర్చేసింది.

ఎదుటి బంగాళాదుంపల ఆవిడ చూసింది. "ఈ వయసులో ఏంటి దోన్యా నికొలాసా, పక్కన టోపీలాయన్ని నమ్ముకుంటే ఇలాగే అవుతుంది," అంది. ఆ వరుసంతా పగలబడి నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

నికొలాసా నవ్వలేదు. "అంచు చూడు కొంపాద్రే," అంది.

చూశాను. ముందూ వెనకా ఒక్క గీత గీసినట్టు సమంగా ఉంది.

పొట్ట ఎత్తుగా ఉంటే గుడ్డ ముందు వైపు పైకి లేస్తుంది. జట్టులో ఒక్కదాని అంచు లేచినా వరుస చెడుతుంది, అందరి కళ్ళూ అక్కడే పడతాయి. అందుకని ఆ మనిషి ముందు టక్కు విప్పుకుంది. ఏడు నెలల కడుపుతో ఆడింది. ఇది ఎమెతెరియాది కాకపోతే ఇంకెవరిదీ కాదు.

"నిలబడి చూస్తావేం, పరిగెత్తు," అంది నికొలాసా.

నా వయసుకు పరుగేమిటి, ఈ ఎత్తు మీద ఊపిరేమిటి. అయినా పరిగెత్తాను. వ్యానుల దగ్గర ఆ అమ్మాయి ఒక కాలు లోపల పెట్టేసింది. నాకు మాట రాలేదు. మోచేయి పట్టుకుని ఆపి, రెండో చేత్తో పొట్ట ముందు గాల్లో గుండ్రంగా చూపించాను. వ్యాను వాడు నన్ను కొట్టబోయాడు.

ముగ్గురం బల్లలు పక్కవాళ్ళకు అప్పజెప్పి రోప్‌వేలో కొండ కిందున్న ఒర్తెన్సియా ఇంటికి దిగాం. ఒర్తెన్సియాకు ఇప్పుడు చూపు మందగించింది గానీ గొప్పలు తగ్గలేదు. లీమా తాను కథ మొత్తం చెప్పాకే గదిలోకి రానిచ్చింది. గోడ నిండా ఫొటో. చర్చి మెట్ల మీద మూడు వరుసల ఆడవాళ్ళు, అందరూ పావురం మెడ రంగులో, అందరి తల మీదా నా తేనె రంగు టోపీలు. ముప్పై మంది ఉంటారు. అందరూ ఒకేలా ఉన్నారు.

ఒర్తెన్సియా ఏదో చెప్పబోతే నికొలాసా ఆమె చేయి నొక్కింది. "పిల్లను చూడనివ్వు," అంది.

నెయిదా మొహాలు చూడలేదు. కింది నుంచి మొదలుపెట్టింది. అద్దం మీద వేలు పెట్టి అంచుల వెంట ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయింది. రెండు టక్కులున్న పొల్యేరా దగ్గర వేలు ఆగింది. అక్కణ్ణుంచి మెల్లగా పైకి జరిగింది. పొట్ట మీదికి బాగా లాగి పిన్ను పెట్టుకున్న శాలువా. దాని మీద పిడికిలి. ఆ పైన మొహం. మిగతావాళ్ళంతా దేవుడి ఎదుట నిలబడ్డట్టు బిగుసుకుని ఉంటే, ఆ ఒక్కతే నోరంతా తెరిచి నవ్వుతోంది.

"ఎమెతెరియా," అంది ఒర్తెన్సియా. "ఇంట్లో కూర్చోవే అని ఎంత మొత్తుకున్నానో. వింటేనా. 'బాజా మోగితే లోపల బిడ్డ తంతోంది దోన్యా, నేను కూర్చున్నా అది కూర్చోదు' అంది. నాన్నకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. వీధి చివరిదాకా ఆడింది. ఒక్క అడుగు తప్పలేదు."

"అమ్మ," అంది నెయిదా. అద్దానికి నుదురు ఆనించింది. భుజాలు కదులుతున్నాయి. నికొలాసా ఆమె వీపు మీద చేయి వేసి నిలబడింది. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. కాసేపటికి ఆ పిల్ల మొహం తుడుచుకుని మా వైపు తిరిగి నవ్వింది. అచ్చం గోడ మీద నవ్వే. నీలాగే ఉండేదని తాత చెప్పింది అబద్ధం కాదు.

ఫొటోకు కాపీ తీయించుకుని వెళ్ళింది. తర్వాతి గురువారం వచ్చినప్పుడు నేనే ఆగలేక అడిగాను, తాత ఏమన్నాడని.

"ఏమీ అనలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. తర్వాత మేకులు ఎక్కడున్నాయని అడిగాడు."

నికొలాసా పొల్యేరా ఒళ్ళో పెట్టుకుని సూదిలో దారం ఎక్కించింది.

"కుట్టొద్దు దోన్యా," అంది నెయిదా. "అమ్మ విప్పింది అలాగే ఉండనివ్వండి."

"ఉండనిస్తే మొదటి మలుపులోనే మూతి పగులుతుంది. మీ అమ్మ అంత ఆలోచించి విప్పింది నిన్ను పడేయడానికా? ఆమె విప్పిన బెజ్జాల్లోనే కుడతాను, కొత్తది ఒక్కటీ పొడవను."

పొడుగు పొడుగు కుట్లు వేస్తూ పోయింది. లాగితే ఊడొచ్చేలా ఉన్నాయి. నేను చూసి ఊరుకోలేకపోయాను. "అదేం కుట్టు కొమాద్రే, అంత వదులుగా?"

"తర్వాత విప్పుకోవడానికి తేలిగ్గా ఉండాలి కదా," అంది తలెత్తకుండా. "ఈ పిల్లకూ రేపో మాపో లోపల తన్నేవాళ్ళు వస్తారు. అప్పుడు బాజా మోగితే ఏం చేస్తుంది?"

నెయిదా ఆమె చేతిలోంచి సూది తీసుకుని, పక్కన కూర్చుని, మిగతా టక్కు తనే కుట్టుకుంది. అంతే వదులుగా.