మేము లేని లంకను ఏలినవాళ్ళు

నా చిన్నప్పుడు గోదావరికి వరద వస్తోందంటే ఏటి మధ్యనున్న మా లంకలో ముందు కదిలేది మనుషులు కాదు, పశువులు. టముకు చప్పుడు వినపడగానే ప్రతి ఇంటివాళ్ళూ కొట్టాల్లోకి వెళ్ళి గొడ్ల మెడల్లోని పలుపుతాళ్ళు తీసేసేవారు. గేదెలు, ఆవులు, ఎడ్లు ఒకే మందగా ఏటి పాయలోకి దిగి, ఈదుకుంటూ అవతలి ఏటిగట్టు చేరేవి. ఎవరి గొడ్డు ఏదో వరద తీశాక తేల్చుకునేవారు. ఏదైనా మొరాయించి నీళ్ళలో దిగకపోతే దాన్ని లంకలోనే వదిలేసి రావచ్చు గాని, కట్టేసి మాత్రం రాకూడదు. ఇది ఎవరూ పిల్లలను కూర్చోబెట్టి నేర్పేవారు కాదు. లంకలో పుట్టినవాళ్ళకు ఈత వచ్చినట్టే ఇదీ వచ్చేది.

మా ఇంటి పద్ధతి వేరు. ఒకప్పుడు ఆ లంకలో సగానికి పైగా భూమి మాదే. నేను పుట్టేనాటికి అందులో మిగిలింది కొద్దిపాటి పొలం, ఆ పొలంలో పశువుల మకాం, అందులో రెండు తెల్ల గిత్తలు. మిగిలినదానికి తగ్గట్టు తలవంచుకుని నడవడం మా తాతయ్యకు చేతకాలేదు. నాకూ చేతకాలేదని మావాళ్ళు అంటారు, నేను కాదనను. ఆ గిత్తలంటే ఆయనకు ప్రాణం. వాటి కొమ్ములకు ఆయనే నూనె రాసేవారు, దాణా ఆయనే కలిపేవారు. అలాంటి గిత్తలు ఊరి గేదెల వెనక పడి, బురదలో దొర్లి, నలుగురూ చూస్తుండగా గట్టెక్కడం ఆయనకు నచ్చేది కాదు. వాటిని ఆ మందలో కలపడమంటే మేమూ అందరిలో ఒకరమైపోయామని ఒప్పుకోవడమే అనుకునేవారేమో.

పైగా మా మకాం అరుగు లంకలోకెల్లా ఎత్తైనది. మా ముత్తాతగారు రాళ్ళు తెప్పించి కట్టించారు. ఆయన కాలంలో వచ్చిన పెద్ద వరద ఎంతవరకు లేచిందో గుర్తుగా అరుగు పక్క రాతి మీద ఒక గీత ఉండేది. ఆ గీత అరుగుకు బాగా కిందనే ఉండేది. గోదావరి ఎంత పొంగినా మా అరుగు ఎక్కదని తాతయ్య నమ్మకం. అందుకే నాకు పదేళ్ళప్పుడు వచ్చిన వరదకు ఊరంతా గొడ్లను వదిలేస్తుంటే, ఆయన ఒక్కరే మకాంకు వెళ్ళి, గాడి నిండా గడ్డి వేసి, దొంగల భయానికి గొలుసులు వేసి, తాళాలు బిగించి, తాళంచెవి మొలలో దోపుకుని వచ్చారు. గిత్తలు లంకలోనే ఉన్నాయని మాకు తెలుసు గాని, గొలుసుల సంగతి ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

ఊరంతా పడవల మీద ఏటిగట్టుకు చేరాం. గట్టు పొడుగునా టార్పాలిన్లు, చాపలు, పొయ్యిలు. తాతయ్య ఇంటి నుంచి ఒక్క కుర్చీ మాత్రం తెప్పించుకుని, ఏటివైపు తిప్పి వేయించుకుని కూర్చున్నారు. పంచిన పులిహోర పొట్లం ముట్టుకోలేదు. దారిన పోతూ ఎవరో అడిగారు.

"మీ గిత్తలు కనపడలేదేంటండి, అయ్యగారూ?"

"వాటి సంగతి నేను చూసుకున్నాను" అన్నారు తాతయ్య, తల తిప్పకుండానే.

మర్నాడు కూడా నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. పిల్లలం ఏమీ తోచక మా టార్పాలిన్ కింద చేరాం. పక్కింటి అక్క హైస్కూల్లో చదివేది. వాళ్ళ సైన్సు మాస్టారు క్లాసులో అడిగిన ప్రశ్న మాకు వేసింది. మనుషులంతా ఒక్కసారిగా మాయమైపోతే ఈ భూమిని ఏ జంతువు ఏలుతుంది? మాకు భూమి సంగతి తెలియదు గాని, లంక సంగతి తెలుసు. ఎదురుగా అది మనుషుల్లేకుండానే ఉంది. కాబట్టి ఇప్పుడు అక్కడ ఎవరు ఏలుతుంటారని వాదన మొదలైంది.

"నక్కలు" అన్నాడొకడు.

"నక్క నిన్ను చూస్తేనే పారిపోద్ది. అదేం ఏలుద్దిరా?"

"పాములైతే?"

"పాము ఒకసారి మింగిందంటే వారం పడుకుంటుంది. రాజు పడుకుంటే ఎలా?" అంది అక్క.

కుక్కలు అంటే, అవి మన మెతుకులకు అలవాటుపడ్డాయి కాబట్టి ముందు మన గుమ్మాల్లో కూర్చుని ఎదురుచూస్తాయంది. చీమలంటే కొంచెం ఆలోచించింది. ఎలుకలంటే తల ఊపింది. నాకు ఒళ్ళు మండింది. మా లంకను ఎలుకలు ఏలడమేమిటి?

"మా గిత్తలు ఏలతాయి. వాటికంటే బలమైనవి అక్కడేమున్నాయి?" అన్నాను.

"బలం సరేరా. మెడలో తాడుందిగా. విప్పేవాళ్ళు పోయాక ఆ బలం ఏం చేసుకుంటాయి? కట్టుగొయ్య చుట్టూ తిరుగుతా చావాల్సిందే. వాటి గడ్డి మీద ఎలక కూర్చుంటది."

అందరూ నవ్వారు. అక్క మా గిత్తలను ఉద్దేశించి అన్నది కాదు, పశువులన్నిటి గురించీ అన్న మాట అది. కానీ వెనక కుర్చీ కిర్రుమంది. తాతయ్య లేచి నిలబడ్డారు. ఆ ముఖం నేను అంతకుముందు చూడలేదు. అప్పటిదాకా ఆయన ఏటినే చూస్తున్నారనుకున్నాను. ఆయన చూస్తున్నది నీళ్ళు ఎంత లేచాయన్నది.

ఆయన గట్టు వెంబడి నడవడం మొదలుపెట్టారు. నేను వెనకాల వెళ్ళాను. గట్టు చివర చేపలుపట్టేవాళ్ళు పడవలు కట్టుకుని ఉన్నారు. వాళ్ళలో ఒకాయన పడవ గట్టిది, అంత వడిలోకి వెళ్ళగలిగినది అదొక్కటే. ఆ వేసవిలోనే మా రేవులో ఆ పడవ కట్టవద్దని తాతయ్య ఆయన్ను నలుగురిలో అన్నారు. ఇప్పుడు ఆయన ముందు నిలబడి, మొలలోంచి తాళంచెవి తీసి, చెయ్యి చాపారు.

"మకాంలో గిత్తలున్నాయి" అన్నారు.

"కట్టేసున్నాయాండి?" అన్నాడు పడవాయన.

"గొలుసు."

పడవాయన భార్య పొయ్యి ముందు నుంచి లేచింది. "మొన్నటిదాకా ఆ రేవుకి మా పడవ పనికిరాలేదండి. ఇప్పుడు ఈ వడిలోకి మా మనిషిని పంపాలాండి? మీ గిత్తలైతే పోతే మళ్ళీ వస్తాయి."

తాతయ్య చెయ్యి అలాగే ఉంది. "నువ్వన్నది నిజమే అమ్మా. నేనూ వస్తాను పడవలో. పోతే ఇద్దరం పోతాం" అన్నారు.

"మీరెక్కితే మిమ్మల్ని చూసుకోవాలి, గిత్తల్ని చూసుకోవాలి. ఉండండి" అని పడవాయన తాళంచెవి అందుకున్నాడు. భార్య ముఖం వైపు ఒకసారి చూశాడు. ఆవిడ పడవలో ఉన్న వలలు తీసి గట్టున పడేసింది. ఆయన తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్ళాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అప్పటిదాకా తాతయ్య నిలబడే ఉన్నారు. పడవాయన భార్య కూడా. ఇద్దరూ ఒకే నీటిని చూస్తూ. విషయం అప్పటికే గట్టంతా పాకి జనం పోగయ్యారు. పడవ వెనక ఒక్క తల కనిపించింది. ఒక్కటే. గిత్త గట్టెక్కి, కాళ్ళు వణుకుతూ నిలబడింది. మెడ చుట్టూ గొలుసు ఒరుసుకుని చర్మం లేచిపోయింది.

జనం అడగకముందే పడవాయన గట్టిగా చెప్పాడు. "గొలుసులు ముందే ఊడిపోయి ఉన్నాయండి. ఇది దిబ్బ మీద దొరికింది. రెండోది వడికి కొట్టుకుపోయింది. అయ్యగారేం చేస్తారు పాపం."

అలా చెబుతూనే తాళంచెవిని ఎవరికీ కనపడకుండా తాతయ్య అరచేతిలో పెట్టాడు. పక్కనే ఉన్న నాకు కనపడింది. మా పరువు అప్పటికి నిలిచింది. దాన్ని కాపాడినవాడు మా రేవులోకి రానివ్వని మనిషి. తాతయ్య అరచెయ్యి మూసేసి ఊరుకుని ఉంటే ఆ అబద్ధం మా ఇంటి చరిత్రగా మిగిలిపోయేది, నేనూ దాన్నే మీకు చెప్పేవాణ్ణి.

ఆయన అరచెయ్యి తెరిచి పైకి చూపించారు. "గొలుసు వేసింది నేను. తాళం బిగించింది నేను. ఇతను మంచివాడు గనక అబద్ధమాడుతున్నాడు" అన్నారు. గొంతు పెంచలేదు. నడుం వంచలేదు.

తరవాత పడవాయన వైపు తిరిగి, "రెండోది ఎలా ఉంది? చెప్పు" అన్నారు.

"ఎందుకులెండి."

"చెప్పు."

పడవాయన తల దించుకుని చెప్పాడు. నీళ్ళు అరుగెక్కి చాలాసేపయింది. మొదటిదాని గొలుసు కాస్త పొడుగు కావడంతో అది తల నీళ్ళ పైన నిలుపుకోగలిగింది. రెండోది గాడి మీద ముందుకాళ్ళు పెట్టి, గొలుసు ఎంత సాగితే అంత పైకి మెడ చాపింది. గొలుసు అంతకంటే సాగలేదు. వాళ్ళు వెళ్ళేసరికి అది అలాగే ఉంది, ప్రాణం లేదు.

ఇదంతా అర్థం కాని చిన్న పిల్లాడొకడు మా వాదన ఇంకా మరిచిపోలేదు. "లంకలో ఎవరు ఏలుతున్నారు?" అని పడవాయన్ను అడిగాడు. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొబ్బరిచెట్టు మట్టల్లో పాములూ ఎలుకలూ పక్కపక్కనే ఉన్నాయని, చీమలు ఉండలా చుట్టుకుని నీళ్ళ మీద తేలుతున్నాయని, స్కూలు డాబా మీద కుక్కలు చేరి పడవను చూసి తోకలు ఊపాయని చెప్పాడు. "ఎవడికి కాలు మోపే చోటుంటే ఆడే రాజు, బాబూ. ఎలకలకి మాత్రం బానే ఉంది. ఆ గిత్త ఈపు మీద ఎక్కి కూర్చున్నాయి" అన్నాడు.

పక్కింటి అక్క ఏడ్చేసింది. తన మాట నిజమైనందుకు ఆమె చాలా కాలం బాధపడిందని తరవాత విన్నాను. ఆమె మాట వల్లే ఒక గిత్తయినా బతికిందని ఎవరైనా ఆమెకు చెప్పారో లేదో.

ఆ సాయంత్రం పడవాయన భార్య కుడితి తెచ్చి గిత్త ముందు పెట్టింది. ఎక్కడ కట్టమంటారని అడిగింది. కట్టవద్దన్నారు తాతయ్య. ఆ గిత్త చచ్చేదాకా దాని మెడలో మళ్ళీ ఏదీ వేయలేదు. పడవ మాత్రం ఆ తరవాత మా రేవులోనే కట్టేవారు.

మొన్న మా తమ్ముడి మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. మనుషులు మాయమైతే భూమి ఎవరిదవుతుందన్నదే అందులోని విషయం. ఎలుకలని ఒకరు, కాకులని ఒకరు, చీమలు ఇప్పటికే ఏలుతున్నాయని ఇంకొకరు. వినసొంపుగానే ఉంది. నేను మధ్యలో ఆపమన్నాను. వాళ్ళందరూ మనం పోయిన వందేళ్ళ తరవాత ఏమవుతుందో చెబుతున్నారు. నా మనసు మాత్రం మొదటి రోజు దగ్గరే ఆగిపోతుంది. మా పాత పొలాలు ఇప్పుడు ఎవరివో రొయ్యల చెరువులు. మీట వేసే చెయ్యి లేకపోతే నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోయి, తెల్లారేసరికి రొయ్యలన్నీ నీటి పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. తణుకు దారిలో కోళ్ళ ఫారాలున్నాయి, తలుపులు బయట గడియ వేసి. కొట్టాల్లో గేదెలున్నాయి. ఏలేవాళ్ళ వంతు వచ్చేలోగా, మనం కట్టేసినవన్నీ మనకోసం మెడ చాపి చూస్తాయి.

ఆ గొలుసు నేను వేసింది కాదు. అలాగని తప్పించుకోలేను. మా వంశం పేరు నాదని చెప్పుకుంటూ, గొలుసు మాత్రం తాతయ్యదని ఎలా అనను? భూములు చేతులు మారాయి. ఇది మారలేదు. మా తాతయ్య నాకు మిగిల్చింది ఆ గిత్త చావు, దాంతోపాటు ఆ గట్టు మీద ఆయన చెప్పిన ఆ మూడు ముక్కలు.

ఇప్పుడు నిడదవోలులో మా ఇంటి వెనక ఒక ఆవు ఉంది. దాన్ని జారుముడితోనే కడతాను, అదే లాగితే ఊడిపోయేలా. అది ఊడదీసుకుని వెళ్ళి, వీధిలో వాళ్ళ వంగమొక్కలు తినేస్తుంటుంది. ముడి గట్టిగా వేసుకోండి మాస్టారూ అని వాళ్ళు విసుక్కుంటారు. నేను చొక్కా తొడుక్కుని, వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, తప్పు మాదేనండి అని చెప్పి, ఆవును తోలుకుని వస్తాను. మర్నాడు మళ్ళీ జారుముడే వేస్తాను.