నూకమ్మ గుమ్మం ముందు థర్మకోల్ రాయి

భోగాపురం పక్కన విమానాశ్రయం మాట ఊరూరా నలుగుతున్న రోజుల్లో, ఒక మాఘమాసంలో, అక్కడికి దగ్గర్లోని జాలరిపేటలో నాకు పని పడింది. సినిమా పని. ఆర్ట్ డిపార్టుమెంటులో ప్రాపర్టీ చూసేవాడిని నేను. పైన ఆర్ట్ డైరెక్టరు గారు, ఆయన కింద ఇద్దరు అసిస్టెంట్లు, వాళ్ల కింద నేను. తెరమీద కనిపించే చెంబు, చేట, లాంతరు, ఏదైనా సరే, తెచ్చి పెట్టడం, షాటు అయ్యాక తీసి దాచడం నా వంతు. మాది బొబ్బిలి. ఇంట్లో పనసకర్రతో వీణలు చెక్కేవారు. నా చదువు అయిదో తరగతితో ఆగింది గానీ ఉలి మాత్రం చేతికి అబ్బింది.

ఆ సినిమా నాలుగు దెయ్యం కథలు కలిపి కట్టిన దండ. యాంథాలజీ అంటారు మావాళ్లు. ఒకదాంట్లో నూతి దగ్గర కులం గొడవ, ఒకదాంట్లో ఫ్యాక్టరీ పొగ, ఒకదాంట్లో చచ్చిపోయి కూడా ఓట్లు వేసేవాళ్లు. మేం తీస్తున్నది నాలుగోది. సముద్రంలో పోయిన మనిషి చాలా ఏళ్లకి ఇంటికి నడిచొస్తాడు. అప్పటికి ఊరి చుట్టూ సర్వే రాళ్లు దిగిపోయి ఉంటాయి.

కథలో అదంతా రాత్రి. మేం తీసింది పగలు. కెమెరాకి నీలం అద్దం బిగించి, వెలుగు లోపలికి తక్కువ వెళ్లేలా చేస్తే మిట్టమధ్యాహ్నం తెరమీద వెన్నెల అయిపోతుంది. అందుకని ఆ నాలుగు రోజులూ అందరం ఎండలో రాత్రిలాగే మసిలాం. లాంతరు వెలిగించేవాడిని, మంట కనపడేది కాదు. ఒకాయన నుదుటి చెమట తుడుచుకుని, "అబ్బ, ఏం చీకటి" అని డైలాగు చెప్పేవాడు. ఇసక తెల్లగా, సముద్రం తెల్లగా, మనుషులు తడుముకుంటూ నడుస్తూ. మూడో రోజుకి పొద్దేదో మాపేదో నాకే తెలియలేదు.

రాళ్లు నేను చేసినవే, పదకొండు. థర్మకోల్ చెక్కి, సిమెంటు రంగు పూసి, నెత్తిన ఎర్ర బాణం గీసి, కింద వెదురు మేకు గుచ్చాను. రెండడుగుల దూరంలో నిలబడి చూసినా రాయే. ఆఖరి రోజు పొద్దున్నే ఇసకలో పాతాను. షూటింగుకి పేట పెద్దలు ఒప్పుకున్నారు గానీ, రాళ్ల సంగతి ఊళ్లో చెప్పాలని ప్రొడక్షన్ మేనేజరుకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

సముద్రం వైపు చివరి ఇల్లు నూకమ్మది. డెబ్బై దాటిన మనిషి. ఎండుచేపల గంపతో పొద్దున్నే వెళ్లి పదింటికి తిరిగొచ్చేసరికి గుమ్మానికి మూడడుగుల ముందు రాయి ఉంది. రాళ్లకి లోపలున్నదంతా విమానాశ్రయానికి పోయే భూమి అని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆమె అరవలేదు. గంప దించి, ఇంట్లో సామాను ఒక్కొక్కటీ బయటకి తేవడం మొదలెట్టింది. ఉప్పుకుండ, మడత పెట్టిన వల, మగవాడి లుంగీ ఒకటి.

నేను పరిగెత్తాను. రాయిని రెండు వేళ్లతో లేపి చూపించాను. "ఉత్త థర్మకోల్ అమ్మా. చూడు, బరువే లేదు."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని తూచినట్టు చూసింది. "కాయితం ఇంకా తేలిక కదా నాయినా. దాంతోనే ఊళ్లు లేసెల్లిపోతన్నాయి."

"సాయంత్రం పీకేస్తానమ్మా."

"ఎట్టేటప్పుడు ఏటి అడగనేదు, పీకేటప్పుడు నువ్వుంతావేటి?" అంది. మొగుడు సముద్రంలో పోయాడట. శవం దొరకలేదు. "ఆడొస్తే ఈ గుమ్మమే ఎతుక్కుంతాడు. ఇది నేకపోతే ఎటెల్తాడు? రాయి నా ఇంటి ఎనక్కి ఎట్టు, ఇల్లు బయట పడతాది."

కుదరదన్నాను. కారణం కంటిన్యుటీ. ఒక సీనులో సగం పొద్దున్న తీస్తే, మిగతా సగంలో ప్రతి వస్తువూ అదే చోట ఉండాలి. దానికి ఫొటోలు తీసి పెట్టుకుంటారు. అప్పటికే దెయ్యం సముద్రంలోంచి రావడం తీసేశారు, గుమ్మం ముందు ఆ రాయి కూడా ఫ్రేములో పడింది. దెయ్యం వేసిన నటుడికి ఆ ఒక్కరోజే ఖాళీ. ఇవన్నీ చెప్పాను. ఆమె రోలు దొర్లించుకొచ్చి ఎండలో దానిమీద కూర్చుంది. సామాను లోపలికి తీసుకెళ్లలేదు.

ఆ దెయ్యం నాచు రంగు మేకప్పుతో, నీళ్లు కారుతూ ఆమె పక్కనుంచే పోయాడు. ఆమె లుంగీ అందించింది. "తల తుడుసుకో బాబూ, రొంప సేస్తాది." అతను తల తుడుచుకున్నాడు.

భోజనాల వేళ రాయిని చంకలో పెట్టుకెళ్లి ఇంటి వెనక పాతాను. నూకమ్మ లేచి సామాను లోపల పెట్టుకుంది, ముందు వల, తరువాత కుండ. కంటిన్యుటీ చూసే అమ్మాయి ఫోనులో పొద్దుటి ఫొటో చూసింది, గుమ్మం చూసింది, నన్ను చూసింది. ఫోను సంచిలో వేసేసుకుంది. మిగతా సగం రాయి లేకుండానే తీశారు.

ఎడిటింగులో బయటపడింది. రాయి ఎవరు తీసేశారని ఆర్ట్ డైరెక్టరు గారు ఫోన్‌లో అడిగితే నేనేనన్నాను. ఆయన మళ్లీ నన్ను పనికి పిలవలేదు. ఆయన తప్పు కాదు. కంటిన్యుటీ చెడగొట్టినవాణ్ణి ఎవరు పిలుస్తారు?

సినిమా విజయనగరంలో మ్యాట్నీకి చూశాను. మొదటి మూడు కథల్లో రక్తం చాలా ఉంది, జనం పల్లీలు తింటూ చూశారు. మాది వచ్చింది. నీలం వెన్నెట్లో దెయ్యం గుమ్మం వైపు చూస్తాడు, ముందు రాయి. రెండడుగులు వేస్తాడు. రాయి లేదు. ఉత్త ఇసక, తెరిచిన తలుపు. నా వెనక ఒకామె, "ఒలమ్మో, రాయేటయిపోనాదే!" అని పక్కామె చెయ్యి పట్టుకుంది.

తరువాత వేరేవాళ్ల దగ్గర ఆరేళ్లు పనిచేసి ఆ పని మానేశాను. ఆ ఆరేళ్లూ ఎవరి నేలమీద ఏది పాతాలన్నా ముందు ఆ ఇంటివాళ్లని పిలిచి, అది ఏమిటో చేతికిచ్చి, ఇక్కడ పెట్టొచ్చా అని అడిగేవాడిని. వద్దంటే వేరే చోట పెట్టి, కంటిన్యుటీ ఫొటో ఆ తరువాతే తీయించేవాడిని. పని అరగంట ఆలస్యమయ్యేది.