పన్నెండో పేరు

"ఆడ కూసునేటోళ్లు నిజంగా మా నాయన ఓటుతో పోయినోళ్లేనా సార్?" అని లోక్‌సభ పాఠం మధ్యలో మగ్గాలవాళ్ల ఈరన్న అడిగాడు. ఆ ప్రశ్నతోనే ఈ ప్రయాణం మొదలైంది.

మంగళవారం ఉదయం ఆరింటికి ఎమ్మిగనూరులో బస్సెక్కాము. హైస్కూలు పిల్లలు పదిమంది, ఉపాధ్యాయుణ్ణి నేను. మా ప్రాంతపు సభ్యుడి ఆఫీసు పంపిన జాబును ఆదోని చేరేలోగా మూడుసార్లు తడుముకున్నాను. శుక్రవారం పదకొండు నుంచి పన్నెండు దాకా సభ చూడవచ్చు. ఆ గంట తప్పితే మరొకటి లేదు.

తొమ్మిదిన్నరకు రావలసిన బొంబాయి బండి పదకొండుకు వచ్చింది. మూడో తరగతిలో ఎదురుగా కూర్చున్న పత్తి వ్యాపారి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఢిల్లీకా స్వామీ, ఇంతమంది పిల్లోళ్లనేసుకొని? మంత్రి పదవేమన్నా ఇస్తాండారా మీకు?"

నేను నవ్వలేదు. ఆయన ఇచ్చిన బొరుగుల ఉగ్గాని నేను వద్దన్నాను, పిల్లలు అనలేదు.

కల్యాణ్‌లో బండి మారి, గురువారం సాయంత్రం ఢిల్లీలో దిగాము. స్టేషను దగ్గరి ధర్మశాలలో గదులు శుభ్రంగానే ఉన్నాయి. చలికాలంలో వెళ్లేవారు మనిషికి రెండు దుప్పట్లు తీసుకుపోవాలి.

శుక్రవారం పదిన్నరకే పార్లమెంటు గేటు ముందు నిలబడ్డాము. అక్కడి అధికారి జాబితా చూసి, మమ్మల్ని లెక్కపెట్టి, ఉర్దూలో అడిగాడు.

"పన్నెండు పేర్లున్నాయి. మీరు పదకొండుగురే. మీ చౌకీదారు బహద్దూర్ ఎక్కడ?"

దరఖాస్తులో నేను దేశాయి రాఘవరావు బహద్దూర్ అని రాశాను. నవాబుల కాలంలో మా ముత్తాతకు వచ్చిన బిరుదు అది. మేడ పోయింది, పొలాలు పోయాయి, సంతకంలో అది మాత్రం మిగిలింది. టైపు చేసినవాడు దాన్ని విడదీసి పన్నెండో మనిషిని చేశాడు. ఢిల్లీలో ఆ పేరు కాపలా కాసే గూర్ఖాలదట.

"బహద్దూర్ నేనే" అన్నాను.

"అయితే రాఘవరావు ఎవరు?"

పదకొండుకు పది నిమిషాలుంది. ఆ మనిషైనా రావాలి, లేడని రాసైనా ఇవ్వాలి, అంతదాకా ఎవరినీ వదలనన్నాడు.

"రాసియ్యండి సార్, టైమైపోతాంది" అన్నాడు ఈరన్న.

'బహద్దూర్ అనే వ్యక్తి ఎవరూ లేరు' అని రాసి, కింద రాఘవరావు అని సంతకం చేశాను.

పదకొండూ పదికి పై గ్యాలరీలో కూర్చున్నాము. వెనక వరుస నుంచి ఒక బక్కపలచని సభ్యుడు ప్రశ్న అడిగాడు. మంత్రి లేచి జవాబిచ్చి కూర్చున్నాడు. ఇంకొకరు అడిగారు, మళ్లీ లేచాడు. "వివరాలు సేకరించి తెలియజేస్తాము" అన్నాడు.

"మంత్రినే ఎన్నిసార్లు లేపుతాండారు సార్!" అని ఈరన్న నా చెవిలో గుసగుసలాడాడు.

నేను ఏడాదంతా చెప్పిన పాఠం ఆ గంటలో పిల్లలకు పట్టుబడింది. వెళ్లదలచిన ఉపాధ్యాయులు వెనుకాడనక్కర లేదు. దరఖాస్తులో ఉత్త పేరు రాస్తే చాలు.

తిరుగు ప్రయాణంలో రాయచూరు దాటాక పిల్లలు రైలుపెట్టెలోనే సభ పెట్టారు. పై బల్లమీద ఈరన్న అధ్యక్షుడు.

"మంత్రిగారు లేయాల!" అన్నాడు నావైపు చూసి. "బహద్దూర్ అనే బిరుదు మీ పెద్దోళ్లకు ఏం సేసినందుకిచ్చినారు?"

క్లాసులో అయితే బెంచీ ఎక్కించేవాణ్ణి. ఇప్పుడు పై బల్ల గొలుసు పట్టుకొని లేచాను. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎన్నడూ అడగలేదు. చెప్పగలిగినవాళ్లూ ఇప్పుడు లేరు.

"నాకు తెలియదు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. కిటికీలోంచి ఆదోని కొండలు కనబడుతున్నాయి. అధ్యక్షుడు కూర్చోమనేదాకా నేను నిలబడే ఉన్నాను.