మొక్కకు చేతుల్లేవు

ఇచ్చోడలో మా బడి ఆయమ్మ తాను నాటిన వేపమొక్కల జోలికొస్తే ఎవరినైనా కొట్టేది. కొమ్మ విరిచిన సారునూ వదల్లేదు. ఎందుకని అడిగితే ఒకటే మాట: "మొక్కకు చేతుల్లేవు. నాకున్నయి."

కాముని పున్నమికి మంటలో వేయడానికి ఎత్తుకుపోయిన కట్టె దొంగతనం కాదని మా దగ్గర ఆచారం. ఆ సాయంత్రం ఇంటర్ చదివే మేము నలుగురం మొక్కల చుట్టూ కట్టిన ముళ్లకంప పీకాం. ఆమె వెదురుబద్దతో వచ్చి మాలో ఒకడి తల పగలగొట్టింది. నేను మొద్దు ఎత్తి కొట్టాను. ఆమె కుడిచేతి ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అయినా కంప మోసుకుపోయి కాముని మంటలో వేశాం.

తెల్లారి నేను హోలీ ఆడి మోదుగుపూల రంగుతో తడిసి ఉండగా, విరిగిన చేతికి గుడ్డ చుట్టుకుని ఆమె మా ఇంటికి వచ్చింది.

"ఎవడు కొట్టిండే?" అన్నాడు బాపు.

"నీ కొడుకును జర నా ఎంబడి తోలు, పటేలా."

కంప లేని మొక్కలన్నిటినీ అప్పటికే మేకలు మోడు చేశాయి. ఒక్కో మోడు దగ్గర నన్ను నిలబెట్టి ఎడమచేత్తో చెంప వాయించింది. నా పెదవి చిట్లి, నెత్తురు రంగులో కలిసింది.

విరిగిన తన చేతి కోసం మాత్రం ఒక్క దెబ్బా వేయలేదు.